మెట్ల కింద నెల రోజులు

పన్నెండు ఫ్లాట్లున్న ఆ మేడలో పేదవాళ్ళు సరిగ్గా ఇద్దరే. వాచ్‌మనూ, అతని పెళ్ళామూ. ఇద్దరే కదా, ఎంతసేపు పడుతుంది లెమ్మని మేడవాళ్ళంతా ఒక ఆదివారం పొద్దున కూర్చుని పేదరిక నిర్మూలనకు ఉపసంఘం వేశారు. దానికో రిజిస్టరు కొన్నారు, రబ్బరు స్టాంపు చేయించారు, మొదటి సమావేశానికే రెండు పళ్ళేల నిండా కేకులు తెప్పించారు. ఇంత హడావిడికీ మూలం ఏమిటయ్యా అంటే, వాచ్‌మన్ పెళ్ళాం జీతం పెంచమని అడిగింది. అంతే. పెంచుతామనో పెంచమనో చెప్పేస్తే ఒక్క మాటతో పోయేది. చదువుకున్నవాళ్ళకి ఒక్క మాటతో పని జరిగితే తృప్తిగా ఉండదు.

ఆమెను మేడలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. మెట్ల కింద గదిలో ఉంటుంది కాబట్టి మెట్ల కిందావిడ. ఆ గది నిజానికి గది కాదు. మేడ కట్టినాయన నీళ్ళ మోటారు కోసం వదిలిన జాగా. పైకప్పు అంటే మెట్ల అడుగుభాగమే. తలుపు దగ్గర మనిషెత్తు ఉంటుంది, లోపలికి పోనుపోను మోకాలెత్తుకు దిగిపోతుంది. ఇద్దరు పడుకోవాలంటే ఒకరు కాళ్ళు ముడుచుకోవాలి. ముడుచుకునేది ఎప్పుడూ ఆమే. మోటారు తిరుగుతున్నంతసేపూ ఒకరి మాట ఒకరికి వినపడదు. అందుకనే వాళ్ళ కాపురంలో పోట్లాటలు తక్కువ.

అందులో మూడో మనిషికి చోటు లేదు. ఏడేళ్ళ కూతురు రెండేళ్ళుగా వేరే ఊళ్ళో, ఆమె అక్క ఇంట్లో పెరుగుతోంది. అక్క మంచిది, పిల్లకి ఏ లోటూ చెయ్యదు. వచ్చిన చిక్కల్లా అదే. పోయిన నెల ఫోన్‌లో మాట్లాడుతూ ఆ పిల్ల పక్కనున్న పెద్దమ్మని "అమ్మా" అని పిలిచి, ఫోన్‌లో ఉన్న అమ్మని "పిన్నీ" అంది. అక్క పిల్లలు పిలిచేది అలాగే కదా, వినీ వినీ నోటికి అదే వచ్చేసింది. పిల్ల నవ్వేసింది, అక్క నవ్వేసింది, ఈమె కూడా నవ్వేసింది. ఫోన్ పెట్టేసి, మోటారు స్విచ్ వేసి, ఆ రొదలో ఎవరికీ వినపడకుండా ఏడ్చింది. పైన ట్యాంకు నిండి నీళ్ళు పొర్లిపోయినా చూసుకోలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి జీతం పెంచమని అడిగింది. వెనక సందులో కిటికీ ఉన్న గది ఒకటి అద్దెకు ఖాళీగా ఉంది. జీతం పెరిగితే ఆ గది తీసుకుంటుంది, పిల్లని తెచ్చుకుంటుంది. అంతకు మించి ఆమెకు ఈ లోకంతో పేచీ లేదు.

ఉపసంఘానికి అధ్యక్షురాలు పళ్ళ డాక్టరమ్మ. కార్యదర్శి నాలుగో నంబరు ఫ్లాటు ఇన్సూరెన్సాయన. రిజిస్టరు రాసేదీ స్టాంపు వేసేదీ ఆయనే. మేధావి మాత్రం మూడో నంబరాయన. ఆయన రిటైరైన ప్రొఫెసరు. నలభై ఏళ్ళు పేదరికం మీద పుస్తకాలు రాశాడు, ఆ డబ్బులతోనే ఫ్లాటు కొనుక్కున్నాడు. ఏది అడిగినా సగటు లెక్క కట్టి చెబుతాడు కాబట్టి వెనకాల అందరూ సగటు గారు అంటారు.

సమావేశంలో సగటు గారు కేకు ముక్క చేత పట్టుకునే లేచి, అసలు ఈ మేడలో పేదవాళ్ళే లేరని తేల్చేశాడు. పన్నెండు ఫ్లాట్ల ఆదాయాన్నీ మెట్ల కింద గది ఆదాయాన్నీ కలిపి పదమూడుతో భాగిస్తే, ఒక్కొక్క గడపకీ వచ్చే సగటు బ్రహ్మాండంగా ఉందట. అందరూ చప్పట్లు కొట్టారు. మెట్ల కిందావిడ గుమ్మం దగ్గర నిలబడి అంతా శ్రద్ధగా విని, ఆ సగటు తనకు ఏ తారీఖున ఇస్తారని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అందరూ కేకుల పళ్ళేల వైపు చూశారు.

తర్వాత ఒకాయన, ఈ ఇద్దరినీ పక్క వీధికి పంపించేస్తే సాయంత్రానికల్లా మన మేడలో పేదరికం సున్నా అయిపోతుంది కదా అన్నాడు. తీర్మానం దాదాపు పాసయ్యేదే. గేటు ఎవరు తీస్తారని డాక్టరమ్మ అడగబట్టి ఆగింది. ఇక లాభం లేదని సగటు గారు తన అసలు సిద్ధాంతం బయటికి తీశాడు. జీతం చాలకపోవడం పేదరికానికి కారణం కాదు, ఫలితం. కారణం ప్లానింగ్ లేకపోవడం. పెంచి ఇస్తే ఆ పెంచిందీ ప్లానింగ్ లేక ఖర్చయిపోతుంది. వాళ్ళ జీతంతో, వాళ్ళ గదిలో, వాళ్ళ పని చేస్తూ తాను నెల రోజులుండి, ఇంకా మిగిల్చి చూపిస్తానన్నాడు. నోరు జారినట్టు ఆయనకు వెంటనే తెలిసింది. కానీ ఇన్సూరెన్సాయన అప్పటికే సిరాతో రాసేశాడు.

షరతులు రాసుకున్నారు. ప్రయోగం స్వచ్ఛంగా ఉండాలంటే అన్నీ మారాలి. పని, జీతం, మంచం, కుర్చీ, ఆఖరికి మూడో నంబరుకున్న ఓటు కూడా. నెలాఖరుకు బియ్యం డబ్బాలో ఏ కాస్త మిగిలినా సగటు గారు నెగ్గినట్టు, జీతం మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. ఏమీ మిగలకపోతే పెంచాలి. ఫలితం మీద ఏ అనుమానం వచ్చినా వరసలో తర్వాతి ఫ్లాటువాళ్ళు దిగి ప్రయోగం మళ్ళీ చెయ్యాలి. తర్వాతి ఫ్లాటు అంటే నాలుగో నంబరు. ఆ ఆఖరి షరతును ఇన్సూరెన్సాయన గుండ్రటి అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశాడు. తన నంబరెంతో ఆయనకు ఆ క్షణాన గుర్తు రాలేదు.

సగటు గారి భార్య ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి, పెట్టె సర్దుకుని, మీ పేదరికం తీరాక ఫోన్ చెయ్యండని చెప్పి చెల్లెలింటికి వెళ్ళిపోయింది. మెట్ల కిందావిడ ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఎలుకని అడిగి ఆడే పిల్లి ఎక్కడుంది?

ఒకటో తారీఖు పొద్దున సామాన్లు మారాయి. సగటు గారు తన ఇంట్లో చెంచాలు రెండుసార్లు లెక్కపెట్టి, పేదవాళ్ళని నమ్మాలి అంటూ తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. ఒక చాప, ఒక గిన్నె, ఖాళీ బియ్యం డబ్బా, గోడకి అంటించడానికి ఒక పెద్ద ప్లానింగ్ చార్టు పట్టుకుని కిందికి దిగాడు. దిగుతూనే తల మెట్టుకి కొట్టుకుంది. ఆ రోజు ఏడుసార్లు కొట్టుకుంది. మూడో రోజుకి తల దానంతటదే వంగడం నేర్చుకుంది, చార్టు మోటారు చెమ్మకి ఊడి కింద పడింది.

పైన ఆమెకు పొద్దు పోయేది కాదు. పదిహేనేళ్ళుగా తెల్లారి లేస్తే మెట్లు కడగడం, మూడిళ్ళలో గిన్నెలు తోమడం. ఇప్పుడు తోమడానికి రెండు కంచాలు. వాటినే మూడేసిసార్లు తోమేది. ఇల్లంతా తలుపులే, ఏ తలుపు తీసినా ఏదో ఒక వస్తువు. బియ్యం సంచీ ఆమె నడుమెత్తు ఉండేది. అంత బియ్యాన్ని ఒకచోట పెట్టుకుని ఒక ముసలాయన, ఒక ముసలావిడ ఏం చేస్తారో ఆమెకు అర్థమయ్యేది కాదు. వాచ్‌మన్ మొదటి వారం సోఫా పక్కన నేల మీదే పడుకున్నాడు. గేటు దగ్గర హారన్ మోగితే నిద్రలోనే లేచి తలుపు దాకా పరిగెత్తి, గుర్తొచ్చి వెనక్కి వచ్చేవాడు.

కింద ఉపసంఘం రోజూ సాయంత్రం పరిశీలనకు వచ్చేది. ఆరుగురు మనుషులు, ఒక రిజిస్టరు. ఆ గదిలోకి ఆరుగురు పట్టరు కాబట్టి వంతులవారీగా తల దూర్చి చూసేవాళ్ళు. ఇదివరకు ఎవరొచ్చినా మెట్ల కిందావిడ టీ ఇచ్చేది, కాబట్టి సగటు గారు కూడా ఇవ్వాలన్నారు. ఇవ్వకపోతే ప్రయోగం కల్తీ అవుతుందట. రోజుకి ఆరు టీలు. పాలు, పంచదార. ఐదో రోజున ఆయన తడి మెట్ల మీద జారి మోకాలు వాచింది, మందులకి ఇంకొంత పోయింది. ప్లానింగ్‌లో మోకాలు లేదు.

ఉపసంఘం మాత్రం అద్భుతంగా పనిచేసింది. మొదటి వారమే ఒక కారణం దొరికింది. సగటు గారు పట్టపగలు నిద్రపోతున్నాడు. రాత్రంతా గేటు తీశాడన్నది వేరే సంగతి, రిజిస్టరులో మాత్రం 'బద్ధకం' అని ఎక్కింది. రెండో వారం ఇంకోటి దొరికింది. పంచదార సంచీతో కొనకుండా చిన్న చిన్న పొట్లాలు కొంటున్నాడు, అలా కొంటే ఎక్కువ పడుతుందని తెలిసీ. 'ముందుచూపు లేమి' అని రాశారు. ఆ తర్వాత ఎవరు పలకరించినా కసురుకుంటున్నాడని తెలిసి 'దురుసు స్వభావం' అని చేర్చారు. నలభై ఏళ్ళలో ఆయనకు లేని గుణాలు పద్నాలుగు రోజుల్లో ఎక్కడినుంచి వచ్చాయని వాళ్ళు ఆశ్చర్యపోయి, ఆలోచించి, కారణాలన్నీ ఆ గది గోడల్లో పేరుకుపోయి ఉన్నాయని నిర్ణయానికి వచ్చారు. వెంటనే పెయింటరును పిలిపించి గదికి రెండు పూతల తెల్లరంగు వేయించారు. దానికైన ఖర్చుతో ఆమె అడిగిన పెంపు ఏడాది పాటు ఇవ్వొచ్చు. ఆ మాట ఆమెకు తట్టింది, ఇంకెవరికీ తట్టలేదు.

పన్నెండో తారీఖు పొద్దున ఆమె కిందికి దిగుతుంటే సగటు గారు మొదటి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. మొహం పీక్కుపోయింది, గెడ్డం తెల్లగా పెరిగింది.

"అమ్మగారూ, ఇంట్లో పాత పేపర్లు ఏమన్నా ఉంటే ఇప్పించండి. అమ్ముకుంటాను" అన్నాడు.

ఆ పేపర్లు ఆయనవే. ఆ ఇల్లూ ఆయనదే. అయినా ఆయన కళ్ళల్లో ఆ సంగతి ఎక్కడా లేదు. ఆమె పేపర్లు తెచ్చి ఇచ్చింది. ఆయన వాటిని రెండు చేతులా పట్టుకుని వెళ్ళాక గదిలోకి తొంగి చూసింది. డబ్బాలో బియ్యం అడుగంటాయి. గిన్నెలో నిన్నటి గంజి నీళ్ళు రెండు గుటకలు ఉన్నాయి.

పైకి వచ్చి కూర్చుంది. ఇంకో రెండు రోజులు. రెండు రోజులు ఊరుకుంటే చాలు, డబ్బా ఖాళీ, ఆయన ఓడిపోతాడు, జీతం పెరుగుతుంది, కిటికీ ఉన్న గది, పిల్ల. ఎవరినీ ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. కూర్చుంది. మధ్యాహ్నం కంచంలో అన్నం పెట్టుకుంటే ముద్ద దిగలేదు. ఛీ, నా బతుకు, అనుకుంది. ఆ ముసలాయన చచ్చినా తనకేమీ కాదని గట్టిగా చెప్పుకుంది, నాలుగుసార్లు చెప్పుకుంది. పై అంతస్తులో ఆయన మెట్లు కడుగుతున్న చప్పుడు వినపడింది. లేచి, సంచీలోంచి ఒక గ్లాసుడు బియ్యం తీసి, బుట్టలో పెట్టుకుని, గబగబా కిందికి వెళ్ళి డబ్బాలో పోసి వచ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానమంటే ఇదే. ఆయన బియ్యమే ఆయనకు పోసి, తన పిల్లని తానే ఆ ఊళ్ళో వదిలేసినట్టయింది. ఆ రోజు తన చేతిని తానే తిట్టుకుంది. మర్నాడు మళ్ళీ అదే చెయ్యి గ్లాసు నింపింది.

సగటు గారు ఇది కనిపెట్టాడా అంటే, లేదు. పెద్ద చదువు అలాంటిది. నాలుగు రోజులు పోయాక ఆమెను మెట్ల మీద ఆపి, బియ్యం తరగడం ఆగిపోయిందని, తన కొలత పద్ధతి ఫలిస్తోందని ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. ప్రతిసారీ గ్లాసుని కాస్త వెలితిగా నింపాలట. చిటికెడు చిటికెడే కొండవుతుందట. ఆమె బుట్ట వెనక్కి పెట్టుకుని, అవునండీ అవునండీ అని వింది. ఆయన మొహంలోకి కాస్త రక్తం వచ్చింది. దానికి సంతోషపడాలో కుళ్ళి ఏడవాలో ఆమెకు తెలియలేదు.

ఈ సంగతి మొగుడికి చెబుదామనుకుంది. కానీ మొగుడు మొగుడిలా లేడు. నేల మీదనుంచి సోఫా మీదికి, సోఫా మీదనుంచి మంచం మీదికి ఎక్కేశాడు. మూడో వారంలో సాయంత్రం షికారుకి వెళ్ళడం మొదలుపెట్టాడు, తిరిగి వచ్చేటప్పుడు గేటు తీయించుకోవడానికి. తనే తీసుకుని రావచ్చు, పదిహేనేళ్ళు తీసిన గేటే. తీయడు. బయట నిలబడి దగ్గుతాడు. సగటు గారు కుంటుకుంటూ వచ్చేసరికి ఆలస్యమైతే, పైకి వచ్చి పెళ్ళాంతో విసుక్కునేవాడు.

"కిందివాళ్ళకి బొత్తిగా బాధ్యత లేదే. మెట్ల మూలల్లో చూడు ఎంత మట్టి ఉందో. ఇలా ఉంటే ఇంకెప్పుడు బాగుపడతారు?" అన్నాడు ఒకరోజు.

నడమంత్రపు సిరి నరాల మీద పుండు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఆమె అతని వంక చూసి, పిల్ల ఫోన్ చేసిందని చెప్పింది. అతను ఊఁ అని, మేడ మెయింటెనెన్స్ కాగితాలు చదువుకుంటూ ఉండిపోయాడు.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం డాక్టరమ్మ హాల్లో ఆఖరి సమావేశం. షరతు షరతే కాబట్టి వాచ్‌మన్ మెత్తటి కుర్చీలో కూర్చున్నాడు, సగటు గారు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఒక ఫ్లాటు తాళం వేసి ఉంది, మిగతా పదకొండు ఫ్లాట్లవాళ్ళూ వచ్చారు. సగటు గారు డబ్బా మూత తీసి అందరికీ చూపించాడు. అడుగున రెండు గ్లాసుల బియ్యం ఉన్నాయి.  నలభై ఏళ్ళ సిద్ధాంతం, ఇదిగో, డబ్బాలో. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. పేదరికానికి కారణం ప్లానింగ్ లేకపోవడమేనని, జీతం పెంచనక్కర్లేదని ఇన్సూరెన్సాయన రాసి, స్టాంపు మీద హా అని ఊదాడు.

"ఆ బియ్యం నేను పోశాను" అంది మెట్ల కిందావిడ.

స్టాంపు గాల్లో ఆగింది. డాక్టరమ్మ మళ్ళీ చెప్పమంది. ఆమె మళ్ళీ చెప్పింది. పన్నెండో తారీఖు నుంచి, రోజుకొక గ్లాసు, ఆయన పైన మెట్లు కడుగుతున్నప్పుడు. సగటు గారు డబ్బాలోకి చూశాడు, ఆమె వంక చూశాడు.

"ఎవరి బియ్యం?" అన్నాడు నెమ్మదిగా.

"మీవేనండీ. పైన సంచీలోవి."

ఆయన ఓడిపోతేనే కదా నీ జీతం పెరిగేది, ఎందుకు పోశావని డాక్టరమ్మ అడిగింది. నిజంగా అర్థంకాకనే అడిగింది.

"ఆకలేసింది కదండీ ఆయనకి" అంది ఆమె.  తర్వాత సగటు గారి వైపు తిరిగింది. "మీ డబ్బా అడుగంటితే పైన సంచీ ఉంది, తెచ్చి పోయడానికి నేనున్నాను. మా డబ్బా నెలనెలా అడుగంటుతుందండీ. మాకు పైన ఎవరున్నారు? ప్లానింగ్ అన్నది నాకు రాక కాదు. నా కూతుర్ని రెండేళ్ళుగా ఇంకొకరింట్లో పెట్టుకున్నాను, అంతకన్నా ప్లానింగ్ ఏం చెయ్యను?"

 ముందుగా ఇన్సూరెన్సాయన తేరుకుని, అయితే అసలు కారణం దొరికినట్టేనన్నాడు. 'చేతిలో ఉన్నది ఎదుటివాళ్ళకి పెట్టెయ్యడం' అని రాసి, మాన్పించడానికి శిక్షణ ఇప్పిస్తే సరిపోతుందన్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాడికి కూడా అంత సంతోషం ఉండదు. డాక్టరమ్మ షరతుల కాగితం తిరగేసింది. బయటి సాయం అందింది కాబట్టి ఫలితం అనుమానాస్పదం. అనుమానం వస్తే వరసలో తర్వాతి ఫ్లాటు. తర్వాతిది నాలుగో నంబరు అని చదివి, కళ్ళజోడు పైనుంచి ఇన్సూరెన్సాయన్ని చూసింది. ఆయన మొహం తెల్లబోయింది. ఇన్ని ప్రయోగాలెందుకు, ఇప్పుడే, ఇక్కడే ఓట్లు వేసి జీతం సంగతి తేల్చేద్దామన్నాడు.

అప్పుడు సగటు గారు గుమ్మం దగ్గరనుంచే మాట్లాడాడు. తన సిద్ధాంతం తప్పన్నాడు. మొదటి పుస్తకం నుంచీ తప్పన్నాడు. పన్నెండో రోజు పొద్దున తన బుర్రలో గంజి తప్ప ఇంకో ఆలోచన లేదని, అలాంటి బుర్రతో ఎవడూ ప్లానింగ్ చెయ్యలేడని, దయచేసి జీతం పెంచమని చేతులు జోడించాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే కింద హారన్ మోగింది. వాక్యం మధ్యలో వదిలేసి, మోకాలు పట్టుకుని, గేటు తీయడానికి పరిగెత్తాడు. ఆయన మాట ఎలాగూ లెక్కలోకి రాదని డాక్టరమ్మ గుర్తుచేసింది. మూడో నంబరు ఓటు ఈ రాత్రి దాకా వాచ్‌మన్‌ది.

చేతులెత్తారు. పెంచాలని అయిదుగురు, అందులో ఇన్సూరెన్సాయన అందరికన్నా ముందు ఎత్తాడు. వద్దని అయిదుగురు. పదకొండోవాడు మెత్తటి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. హాలంతా అతని వైపు తిరిగింది. మెట్ల కిందావిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని హమ్మయ్య అనుకుంది. కట్టుకున్న మొగుడు, వాడి జీతమే, వాడి కూతురే. ఇంక భయమెందుకు?

వాచ్‌మన్ దగ్గాడు. ఆ దగ్గు ఈ నెలలో నేర్చుకున్నదే. కాలు మీద కాలు వేసుకుని, సమస్యను అన్ని కోణాల్లోంచీ చూడాలన్నాడు.

"పెంచితే ఆ భారం ప్రతి ఫ్లాటు మీదా పడుతుంది. మన మెయింటెనెన్స్ పెరుగుతుంది. ముందు వాళ్ళకి ప్లానింగ్ నేర్పాలి గానీ" అన్నాడు.

వద్దన్న అయిదుగురూ తలలూపారు. ఎంత బాగా చెప్పాడన్నారు. రేపు పొద్దున ఆ కాళ్ళే మెట్ల కింద ముడుచుకోవాలని అతనికి గుర్తు లేదు. మనిషి చెడ్డవాడు కాదు. ముప్పై రోజులు ఆ కుర్చీలో కూర్చున్నాడు, అంతే.

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. హాలు మధ్యనుంచి నడిచి వెళ్ళి, మొగుడి కుర్చీ పక్కన నిలబడి, అతని కుడి మణికట్టు పట్టుకుంది. గిన్నెలు తోమి తోమి కాయలు కాసిన చెయ్యి ఆమెది. నెల రోజుల్లో మెత్తబడ్డ చెయ్యి అతనిది. దాన్ని పట్టుకుని తిన్నగా పైకి ఎత్తింది.

ఇది చెల్లదని ఎవరో అన్నారు. డాక్టరమ్మ షరతుల కాగితం రెండుసార్లు చదివింది. ఓటుకి చెయ్యి పైకి లేవాలనే ఉంది, ఎవరు లేపాలో ఎక్కడా రాయలేదంది. చెల్లుతుంది, చెల్లుతుంది, అంటూ ఇన్సూరెన్సాయన అప్పటికే రాసేస్తున్నాడు.

"మన మెయింటెనెన్స్ పెరుగుతుందే" అని గొణిగాడు వాచ్‌మన్, చెయ్యి గాల్లో ఉండగానే.

"పెరగనీ" అంది.

రాయడం అయిందా అని అడిగింది. అయిందన్నాడు ఇన్సూరెన్సాయన. స్టాంపు వేయమంది. వేశాడు. పైకి చదవమంది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి జీతం పెంచడమైనదని చదివాడు. అంతసేపూ చెయ్యి దించలేదు. ఆమె భుజం వణుకుతోంది, అయినా దించలేదు. రిజిస్టరు మూసాక అప్పుడు వదిలింది.

అతను ఎర్రబడ్డ మణికట్టు రుద్దుకుంటూ, నలుగురిలో ఇలా పరువు తీస్తావా, ఇంత పంతం దేనికన్నాడు.

"పిల్లని తెచ్చుకోవాలి" అంది ఆమె.

అతను ఆ మాట ఎక్కడో దూరంనుంచి వింటున్నట్టు చూశాడు.  కాసేపటికి కాలు మీదనుంచి కాలు దించి, కుర్చీలోంచి లేచి, పెళ్ళాం పక్కన నిలబడ్డాడు. డాక్టరమ్మ కూర్చోమని రెండుసార్లు చెప్పినా మళ్ళీ కూర్చోలేదు.